కౌబాయి గురిపందెములు: అభ్యాసమునకు తగిన రివాల్వరు

తెలుగు ప్రేక్షకునికి కౌబాయి యనగానే 1971వ సంవత్సరములో విడుదలయిన 'మోసగాళ్ళకు మోసగాడు' చిత్రము జ్ఞప్తికి వచ్చును. వెడల్పైన అంచుగల టోపీ, నడుమున వ్రేలాడు తోలుఒర, కన్నుమూసి తెరచునంతలో ఆ ఒరనుండి వెలువడు రివాల్వరు, ఇవన్నియు కథానాయకుడు కృష్ణ రూపముతో పాటు మన ఇండ్లలో ముచ్చటలైనవి. తెరమీద తుపాకి పేల్చుట మహాసులభము. అచ్చట తూటాలు తరుగవు, గురి తప్పదు, ఖర్చు మాట ఎవ్వరును తలపెట్టరు. అయితే ఆ వేషమునకు పుట్టినిల్లయిన అమెరికా దేశములో నిజమైన రివాల్వరులతో, నిజమైన తూటాలతో, మనుష్యులకు బదులు ఉక్కు పలకలను గురిగా నిలిపి ఆడు క్రీడ యొకటి గలదు. దానిని కౌబాయి యాక్షన్ షూటింగు అందురు. ఈ క్రీడలో క్రొత్తగా ప్రవేశించు ప్రతి వ్యక్తియు త్వరలోనే అడుగు ప్రశ్న ఒకటున్నది: "అభ్యాసము కొరకు తక్కువ ఖర్చుతో ఏ రివాల్వరు కొనవలెను?"

ఈ ప్రశ్న పైకి బేరసారముల ప్రశ్నవలె కనబడును. కాని విచారించి చూచినచో ఇందులో డబ్బు లెక్కతో పాటు చేతికి అబ్బు అలవాటు లెక్కయు, ప్రాణభద్రత లెక్కయు ఇమిడి యున్నవి.

మొదట ఆట స్వరూపమును గ్రహింతము. 1980వ దశకపు తొలి సంవత్సరములలో దక్షిణ కాలిఫోర్నియాలో కొందరు ఔత్సాహికులు పాతకాలపు పశ్చిమ ప్రాంతపు ఆయుధములతో పందెములాడ నారంభించిరి. 1987లో సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ అను సంఘ మేర్పడి నియమములను క్రోడీకరించినది. పందెములో పాల్గొనువారు పందొమ్మిదవ శతాబ్దపు పసులకాపరి, న్యాయాధికారి, జూదరి, బడిపంతులమ్మ మొదలగు వేషములు ధరింతురు. తమకొక మారుపేరు పెట్టుకొని, ఆ పేరుతోనే పిలువబడుదురు. ఒక్కొక్కరికి నాలుగు ఆయుధములు కావలెను: రెండు రివాల్వరులు, మీటను క్రిందికి త్రోసి మరల లాగు రైఫిలు ఒకటి, పాతకాలపు షాట్‌గన్ ఒకటి. పందెము కొన్ని ఘట్టములుగా జరుగును. సాధారణముగా ఒక్కొక్క ఘట్టములో రెండు రివాల్వరులనుండి అయిదేసి చొప్పున పది గుండ్లు పేల్చవలెను. రివాల్వరు గురిపలకలు ఎక్కువ భాగము 7 గజములనుండి 10 గజముల దూరములోనే యుండును. ఎవరు తక్కువ కాలములో ముగింతురో వారు గెలుతురు. తప్పిన ప్రతి గురికిని 5 సెకండ్లు కాలమునకు కలుపుదురు. కావున ఒక్క తొందరపాటు ఎంత వేగమునైనను హరించివేయును.

ఇక ఈ క్రీడలో వాడు రివాల్వరును గూర్చి రెండు మాటలు. దీనిని సింగిల్ యాక్షన్ రివాల్వరు అందురు. తూటాలుండు ఆరు అరల సిలిండరు నడుమ తిరుగుచుండును. వెనుక భాగమున చిన్న సుత్తి వంటిది యుండును. బొటనవ్రేలితో ఆ సుత్తిని వెనుకకు లాగినపుడు సిలిండరు ఒక అర మేర తిరిగి, క్రొత్త తూటా గొట్టమునకు సరిగా వెనుకకు వచ్చి నిలుచును. అటుపై మీటను నొక్కినచో సుత్తి పడి తూటా పేలును. రెండవ గుండునకు మరల సుత్తిని లాగవలసినదే. మీటను నొక్కుటయే దాని పని. సుత్తిని ఎత్తు పని దానికి లేదు. 'సింగిల్ యాక్షన్', అనగా ఒకే పని, అను పేరు ఇందువలననే వచ్చినది. ఈ జాతికి మూలపురుషుడు 1873లో కోల్టు కంపెనీ అమెరికా సైన్యమునకు సమకూర్చిన రివాల్వరు.

ఆ పాత రివాల్వరులో ఒక లోపము గలదు. సుత్తి క్రిందికి దిగి యున్నపుడు దాని ముందుసూది నేరుగా తూటా వెనుకభాగమును ఆనియుండును. రివాల్వరు చేజారి సుత్తిమీద పడినచో ఆ దెబ్బకే తూటా పేలవచ్చును. అందువలన వివేకవంతులు ఆరు అరలలో అయిదింటినే నింపి, ఖాళీ అరమీద సుత్తిని దింపి యుంచెడివారు. ఈ క్రీడా సంఘము ఆ జాగ్రత్తనే నియమముగా గైకొన్నది. తూటాలు నింపు పద్ధతిని నేటికిని ఇట్లు చెప్పుదురు: ఒకటి నింపుము, ఒకటి వదలుము, నాలుగు నింపుము; పిమ్మట సుత్తిని పూర్తిగా లాగి మెల్లగా ఖాళీ అరమీద దింపుము. ఈ పద్ధతి పాటించినచో ఖాళీ అర తప్పక సుత్తి క్రిందికి వచ్చును. ఈ వరుసను మనస్సులో నుంచుకొనవలెను. రివాల్వరును ఎన్నుకొనునపుడు మరల దీనితో పని బడును.

అభ్యాసమునకు వేరొక రివాల్వరు ఎందుకని అడుగవచ్చును. పందెములో వాడునదే అభ్యాసమునకును వాడరాదా? వాడవచ్చును, వాడుటయే ఉత్తమము కూడ. అడ్డుపడునది తూటాల ఖర్చు. ఒక ఉదాహరణ తీసికొందము. ఒకరు వారమునకు నూరు తూటాల చొప్పున సంవత్సరములో 50 వారములు అభ్యసించిరనుకొందము. మొత్తము 5,000 తూటాలు. సన్నని .22 తూటా ఒకటి 8 సెంట్లనియు, పందెమునకు పనికివచ్చు .38 తూటా 40 సెంట్లనియు లెక్క కొరకు భావింతము. మొదటి దానికి 400 డాలర్లు, రెండవ దానికి 2,000 డాలర్లు అగును. తేడా 1,600 డాలర్లు. అంగడి ధరలు మారుచుండును గాని, ఈ రెండింటి మధ్య అనేక రెట్ల అంతరము ఎల్లప్పుడును ఉండును. కావున చవుకైన .22 రివాల్వరు తన మూల్యమును కొద్దినెలలలోనే తీర్చివేయును. ఆదా యగునది ముఖ్యముగా తూటాలలో నని గ్రహించినవాడు, రివాల్వరు ధరలో ఏబది డాలర్లు తగ్గించుటకై తనకు సరిపడని దానిని కొనడు.

.22 తూటా ఏల ఇంత చవుక? దీని నిర్మాణము సులభమైనది. పెద్ద తూటాలకు అడుగున నడిమి భాగములో మందుబిళ్ళ వేరుగా అమర్చబడి యుండును. .22 తూటాకు అట్టి బిళ్ళ లేదు. అడుగున చుట్టుదిరిగి యున్న పలుచని అంచులోపలనే మందు పూయబడి యుండును. సుత్తి సూది ఆ అంచును నొక్కగా తూటా పేలును. నేడు వాడుకలోనున్న .22 లాంగ్ రైఫిల్ తూటా 1887 నాటిది. దీని చప్పుడు తక్కువ, వెనుకకు తన్ను తక్కువ, ఖర్చు తక్కువ. మొదటిసారి రివాల్వరు పట్టువాడు చప్పుడునకు బెదరి కన్నులు మూసికొనుట సహజము. .22తో మొదలిడినవానికి ఆ బెదురు చేరదు. మొక్కై వంగనిది మానై వంగునా అని మన పెద్దలన్న మాట ఇచ్చట చక్కగా వర్తించును.

దీనికి పరిమితులును గలవు. సంఘ నియమముల ననుసరించి పెద్దల ప్రధాన పందెములలో .22 పనికిరాదు; .32కు తక్కువకాని, నడిమి బిళ్ళ గల తూటాలనే వాడవలెను. చిన్నపిల్లల తరగతికి మాత్రమే .22కు అనుమతి గలదు. కావున .22 రివాల్వరు కొనుట పందెమునకు ఆయుధము కొనుట కాజాలదు. అసలు రివాల్వరులు రెండింటిని కొనక ముందే .22 కొని, తరువాత డబ్బు చాలక నిలిచిపోవువారు కలరు. డబ్బు పరిమితముగా నున్నచో ముందు పందెపు రివాల్వరును నిర్ణయించుకొని, పిదప దానికి జోడుగా అభ్యాసపు రివాల్వరును వెదకుట క్రమము.

ఈ వ్యాసములో ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే. అభ్యాసపు రివాల్వరును దాని ధరనుబట్టి గాని, అందమునుబట్టి గాని ఎన్నుకొనరాదు. పందెములో పట్టబోవు రివాల్వరునుబట్టి ఎన్నుకొనవలెను. వేణువు నేర్చుకొనువాడు ఒక కొలత వేణువుమీద సాధకము చేసి, కచేరీనాడు రంధ్రముల దూరము వేరైన వేణువును చేతబట్టినచో వ్రేళ్ళు ఎట్లు తడబడునో, రివాల్వరు విషయములోను అట్లే యగును. గడియారము నడచుచున్నపుడు ఆలోచనకు వ్యవధి యుండదు. అలవాటైన చేయి తనంత తానే పనిచేయును.

ఇప్పుడు అంగడిలో దొరకు వస్తువులను చూతము. చవుకైన .22 సింగిల్ యాక్షన్ రివాల్వరు క్రొత్త ఊహ కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలములో కోల్టు కంపెనీ తన పాత రివాల్వరు తయారీని ఆపివేసినది. యుద్ధానంతరము చలనచిత్రముల వలన, టెలివిజన్ కథల వలన అమెరికాలో కౌబాయి మోజు పెరిగినది. ఆ గిరాకీని గుర్తించి రూగర్ కంపెనీ 1953లో సింగిల్ సిక్స్ అను .22 రివాల్వరును బయటపెట్టినది. తరువాత 1956లో కోల్టు కంపెనీయు తన పాత రకమును మరల తయారుచేయ నారంభించినది. పందెమాడువారికి అభిమానపాత్రమైన వకేరో అను రివాల్వరును రూగర్ కంపెనీ 1993లో ప్రవేశపెట్టినది. దానిని పాత కోల్టు పరిమాణమునకు దగ్గరగా దిద్ది 2005లో న్యూ వకేరో అను పేర విడుదల చేసినది. వకేరో యనగా స్పానిషు భాషలో పసులకాపరి.

అదే కంపెనీ 2019లో రాంగ్లర్ అను .22 రివాల్వరును 249 డాలర్ల ప్రకటిత ధరకు తెచ్చినది. ఆనాటి వకేరో ధర దీనికి మూడింతలకు మించినది. రాంగ్లర్ చట్రము అల్యూమినియం మిశ్రలోహము. గొట్టము, సిలిండరు ఉక్కు. పైన మెరుగు లేదు, పూత గట్టిది. మొదట వచ్చిన రకపు గొట్టము పొడవు 4.62 అంగుళములు. న్యూ వకేరో రకములలో ఒకదాని గొట్టమును సరిగా అంతే. గురి చూచు ఏర్పాటు కూడ ఒకే తీరు: వెనుక చట్రములో చెక్కిన గాడి, ముందు నిలువుగానున్న మొన.

చవుకైన వానిలో రెండవది హెరిటేజ్ కంపెనీవారి రఫ్ రైడర్. ఇది చాలకాలము 200 డాలర్లకు లోపుగనే అంగళ్ళలో దొరికినది. దీని చట్రము తుత్తునాగము ప్రధానముగా గల మిశ్రలోహముతో పోతపోసినది. గొట్టము పొడవు పలురకములు, అందులో 4.75 అంగుళములది పాత కోల్టు కొలతలలో ఒకదానికి సరిపోవును. పిడి ఆకారమును కోల్టు పిడిని పోలియుండును.

ఈ రెండింటికిని పైకి కనబడని ముఖ్యభేద మొకటున్నది. అది తూటాలు నింపు పద్ధతిలోనిది. పాత కోల్టులోను, ఇటలీ దేశములో ఉబెర్తి, పియెట్టా కంపెనీలు తయారుచేయు దాని ప్రతిరూపములలోను తూటాలు నింపుటకు ముందు సుత్తిని సగము వెనుకకు లాగి ఒక మెట్టుమీద నిలుపవలెను. అప్పుడుగాని సిలిండరు చేతికి తిరుగదు. రఫ్ రైడర్ నింపు పద్ధతియు ఇదే. రూగర్ వకేరోలో ఆ సగపు మెట్టు లేదు. ప్రక్కనున్న చిన్న తలుపును తెరచినంతనే సిలిండరు తిరుగును. సుత్తిని ముట్టనక్కర లేదు. రాంగ్లర్ పద్ధతియు ఇదే. కావున జోడింపు సులభమగుచున్నది. పందెమునకు వకేరో జంట ఉన్నవారికి రాంగ్లర్ తగినది. కోల్టుగాని, ఇటలీ ప్రతిరూపములుగాని ఉన్నవారికి రఫ్ రైడర్ పద్ధతి దగ్గరగా నుండును. ఈ జోడింపును తారుమారు చేసినచో నింపు బల్లవద్ద చేయి ప్రతిసారి లేని మెట్టు కొరకు వెదకును. లేక ఉన్న మెట్టును మరచును.

రఫ్ రైడర్ విషయములో ఒక హెచ్చరిక. దాని ఎడమప్రక్కన సుత్తి దెబ్బ సూదికి తగులకుండ అడ్డుకొను చిన్న భద్రతా మీట యొకటి యుండును. పాత కోల్టులో అట్టిది లేదు. ఆ మీటను నమ్ముకొని అభ్యసించినవాడు, అది లేని రివాల్వరు చేతికి వచ్చినపుడు కూడ అది ఉన్నట్లే భావించు ప్రమాదము కలదు. భద్రతకు మీట ఉండుట మంచిదే. మీటమీద భారము మోపుట మంచిది కాదు.

రూగర్ కంపెనీ 1973 నుండి తన సింగిల్ యాక్షన్ రివాల్వరులలో మరియొక ఏర్పాటు చేసినది. సుత్తికిని సూదికిని నడుమ ఒక ఉక్కుపలక యుండును. మీటను వ్రేలితో నొక్కి పట్టియున్నపుడు మాత్రమే ఆ పలక పైకి లేచి సుత్తి దెబ్బను సూదికి అందించును. మీట నొక్కనిచో పలక క్రిందనే యుండును. దెబ్బ సూదికి చేరదు. ఇట్టి రివాల్వరులో ఆరు అరలును నింపవచ్చునని తయారీదారులే చెప్పుదురు. అయినను పందెములో అయిదే నింపవలెను. నియమము అందరికి నొకటే. కావున అభ్యాసములో రివాల్వరు ఏదైనను అయిదే నింపుట, ఖాళీ అరమీదనే సుత్తి దింపుట అలవరచుకొనవలెను. రూగర్ కంపెనీ 2011లో సింగిల్ టెన్ అను పది అరల .22 రివాల్వరును కూడ తెచ్చినది. సరదాకు అది బాగుండును. కౌబాయి పందెపు అభ్యాసమునకు మాత్రము ఆరు అరలదే మేలు. పదింటిని నింపి ఎడతెగక పేల్చు చేతికి అయిదవ గుండు తరువాత రివాల్వరును ఒరలో నుంచి రెండవ దానిని తీయవలెనను క్రమము అబ్బదు.

బరువు విషయము గమనింపదగినది. న్యూ వకేరో బరువు 40 ఔన్సులకు కొంచెము ఇటుగా నుండగా, రాంగ్లర్ సుమారు 30 ఔన్సులు. తేలిక రివాల్వరు చేతిలో చురుకుగా కదలును. బరువైనది తీయుటకు, నిలుపుటకు ఎక్కువ శ్రమ కోరును. దీనికి తోడు .22కు వెనుకతన్ను లేనందున గుండు పేలిన పిదప మొన లేచుట, మరల గురికి దింపుట అనునవి అభ్యాసములో తెలియవు. ఇందుకు విరుగుడు కలదు. అభ్యాసములో అధికభాగము .22తో చేసి, చివరి పది పదునైదు గుండ్లు అసలు రివాల్వరుతో పేల్చవలెను. చేతికి చివర మిగులు స్మృతి అసలు రివాల్వరుదిగా నుండును.

ఒకే రివాల్వరుతో రెండు పనులును జరుపుకొన దలచువారికి మరియొక మార్గమున్నది. అది .357 అరలు గల పందెపు రివాల్వరును కొని, అందులో .38 స్పెషల్ తూటాలు వాడుట. ఆ అరలలో .38 తూటాలు చక్కగా ఇముడును; .38 రివాల్వరులో .357 తూటాలు మాత్రము వాడరాదు. .38 తూటా 1873 నాటి .45 కోల్టు తూటాకంటె చవుకైనది, తన్ను తక్కువైనది. ఖాళీ తొడుగులను దాచి ఇంటివద్ద మరల నింపుకొనువారికి ఖర్చు ఇంకను తగ్గును. రివాల్వరు ఒకరి చేతిలో వాడబడినదైనను దోషము లేదు. అయితే పరీక్షించి కొనవలెను.

పరీక్షించు విధము ఇది. అంగడివాని అనుమతితో, రివాల్వరు ఖాళీగా నున్నదని కంటితోను వ్రేలితోను రూఢి చేసికొని, మొనను నిరపాయమైన దిక్కునకు త్రిప్పి యుంచవలెను. సుత్తిని మెల్లగా లాగుచు, ప్రతి అరయు గొట్టమునకు ఎదురుగా వచ్చి గట్టిగా నిలుచుచున్నదా యని చూడవలెను. సుత్తి పూర్తిగా వెనుకనున్నపుడు సిలిండరును అటునిటు కదలించి చూచినచో అతిగా ఊగరాదు. మీటను ముట్టక సుత్తిని బొటనవ్రేలితో ముందుకు నెట్టినచో అది జారిపడరాదు. జారినచో ఆ రివాల్వరు ఎంత చవుకైనను తీసికొనరాదు. గొట్టములో వెలుతురు ప్రసరింపజేసి తుప్పు, ఉబ్బు ఉన్నవేమో పరిశీలింపవలెను. ఖాళీ తొడుగులను వెలికి త్రోయు ఊచ తిన్నగా ఆడవలెను. .22 తూటాల మసి అరలలో పేరుకొని తొడుగులు అంటుకొనుట సాధారణము; కావున శుభ్రము చేయు కుంచె, నూనె ఖర్చును కూడ లెక్కలో చేర్చవలెను.

అన్నింటికంటె చవుకైన అభ్యాసము తూటాలే లేని అభ్యాసము. ఒరనుండి తీయుట, బొటనవ్రేలితో సుత్తిని లాగుట, గాడిలో మొనను నిలుపుట, మీటను కదలిక లేక నొక్కుట, మరల చూడకయే ఒరలో నుంచుట: పందెములోని పనిలో పెద్దభాగమిదే. ఇందులో గుండు పేలు క్షణము చాల స్వల్పము. దినమునకు పది నిమిషములు ఇట్లు చేసినవాడు నెలకొకసారి వందల తూటాలు కాల్చువానికంటె ముందుండుట వింత కాదు. అయితే .22 రివాల్వరును ఖాళీగా పేల్చునపుడు, దాని సూది అర అంచునకు తగిలి అంచు గాయపడుట, సూది మొండివడుట కలుగవచ్చును. అట్లు చేయవచ్చునో కాదో ఆ రివాల్వరుతో వచ్చిన సూచనల పుస్తకములో చూచుకొనవలెను. అనుమానమున్నచో అభ్యాసమునకై చేసిన ఉత్తుత్తి తూటాలను వాడవలెను. ఖాళీ అభ్యాసము చేయు గదిలో నిజమైన తూటా ఒక్కటైన ఉండరాదు. రివాల్వరు ఖాళీ యని ఒకటికి రెండుసార్లు చూచిన పిదపనే మొదలిడవలెను. ముగించిన వెంటనే తాళము వేయవలెను. "ఇంకొక్కసారి" అను తలంపుతో తూటాల పెట్టె తెచ్చిన గదిలో మరల మొదలిడరాదు. ప్రమాదములకు దారితీయునది ఈ "ఇంకొక్కసారి" యే.

ఈ జాగ్రత్తలన్నియు ఆట నియమములలో ప్రతిబింబించును. ఖాళీ రివాల్వరు చేజారినచో ఆ ఘట్టమునకు అనర్హత. తూటా యున్నది జారినచో పందెము మొత్తమునకే అనర్హత. తూటాలు నింపుటకు ఒక బల్ల, తీసివేయుటకు మరియొక బల్ల, రెండుచోట్లను చూచుటకు మనుష్యులు ఉందురు. మొన ఎల్లప్పుడు గురిపలకల వైపే యుండవలెను. ఇంటివద్ద చవుక రివాల్వరుతో నిర్లక్ష్యముగా మెలగినవాడు పందెమునాడు ఒక్కసారిగా జాగరూకుడు కాజాలడు. కాలు జారిన తీసికొనవచ్చును, నోరు జారిన తీసికొనలేమని సామెత. గొట్టమును వీడిన గుండును తీసికొనుట అంతకంటె అసాధ్యము. .22 గుండు చిన్నదే గాని ప్రాణము తీయుటకు చాలును. చిన్నది గదా యని పిల్లలకు అందుబాటులో ఉంచినవారి ఇంట దుఃఖమునకు కొలత యుండదు. రివాల్వరు ఒకచోట, తూటాలు వేరొకచోట, రెండింటికిని తాళములు. ఇది చవుక వస్తువుతో పాటు తప్పక కొనవలసిన ఖరీదు.

ఆరోగ్య విషయమును మరువరాదు. ఉక్కు పలకకు తగిలిన సీసము తునుకలై వెనుకకు చిమ్మును. కావున కంటి అద్దములు, చెవి రక్షణలు పేల్చువారికే గాక చూచువారికిని అవసరము. సీసపు ధూళి విషము. అభ్యాసము ముగించినపిదప సబ్బుతో చేతులు కడుగక తినుట, త్రాగుట, పసిబిడ్డల నెత్తుకొనుట తగదు.

మన తెలుగువారిలో అనేకులు ఉద్యోగములకై, చదువులకై అమెరికాలో నివసించుచున్నారు. వారిలో ఎవరికైన ఈ క్రీడపై మక్కువ కలిగినచో ముందుగా తెలిసికొనవలసినది ధర కాదు, చట్టము. తాత్కాలిక వీసామీద అచ్చట నున్నవారు తుపాకిని గాని తూటాలను గాని కలిగియుండుటను అమెరికా సమాఖ్య చట్టము సాధారణముగా నిషేధించుచున్నది. చెల్లుబాటగు వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు వంటివి కొన్ని గలవు. శాశ్వత నివాసపు హక్కు పొందినవారి స్థితి వేరు. పైగా ఒక్కొక్క రాష్ట్రమునకు తన సొంత చట్టములున్నవి. స్నేహితుడు సరదాగా చేతికిచ్చిన రివాల్వరు కూడ వీసాకు చిక్కు తేగలదు. కావున న్యాయవాదిని సంప్రదించి అడుగిడుట వివేకము. ఇక మన దేశములో 1959 నాటి ఆయుధముల చట్టము ననుసరించి రివాల్వరునకు లైసెన్సు తప్పనిసరి, అది లేక.22ను కూడ ఇంట నుంచుకొనరాదు.

ఈ విషయమునంతయు క్రోడీకరించి చెప్పవలెనన్న ఇంతే. మొదట పందెపు రివాల్వరును నిర్ణయించుకొనుడు. దాని గొట్టము పొడవునకు, గురి తీరునకు, పిడికి, అన్నింటికంటె ముఖ్యముగా తూటాలు నింపు పద్ధతికి సరిపోవు .22ను వెదకుడు. ఆరు అరలదే తీసికొని అయిదే నింపుడు. మిగిలిన డబ్బును తూటాలకు, కంటి అద్దములకు, తాళమునకు వినియోగింపుడు. వారమునకు ఎన్ని గుండ్లు పేల్చితిరన్నదానికంటె, ఎన్నిసార్లు ఆ ఒకటి, వదలుట, నాలుగు అను వరుసను తప్పక పాటించితిరన్నది లెక్కించుకొనుడు.

తెరమీది కౌబాయి ఒర నుండి రివాల్వరు తీయు ఆ ఒక్క క్షణమును చూచి మనము చప్పట్లు కొట్టితిమి. నిజమైన గురిపందెములో చప్పట్లకు అర్హమైన క్షణము వేరొకటి యున్నది. పందెము ముగిసిన పిదప, గెలిచినను ఓడినను, తూటాలు తీసివేయు బల్లవద్ద నిలిచి, ప్రతి అరను తెరచి చూపి, ఆయుధము ఖాళీయని నిరూపించి, నిబ్బరముగా ఇంటికి మరలు క్షణమది. చవుకైన రివాల్వరు ఆ నిబ్బరమును నేర్పగలిగినచో దానికిచ్చిన ధర సార్థకమైనట్లే.